మీటింగులో నోరు పెగలకపోతే

కోడ్ రాసింది మీరు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని టెస్ట్ చేసిందీ మీరే. మర్నాడు మీటింగులో దాని గురించి గడగడా చెప్పింది మాత్రం పక్క సీటాయన. అప్రైజల్ నాటికి ఆ పని ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పాలా? తెలుగు మీడియంలో చదివి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరిన చాలామంది బాధ ఇది. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మెయిల్ రాయగలరు. మాట్లాడమంటేనే నాలుక తడబడుతుంది.

ముందు బెరుకు సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లిష్‌ను మాతృభాషగా రాయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద సుమారు 2.6 లక్షల మందే. రెండో భాషగానో మూడో భాషగానో వచ్చన్నవాళ్లు 12 కోట్ల పైచిలుకు. అంటే మీ మేనేజరైనా, టీమ్ లీడైనా దాదాపు ఖాయంగా ఇంగ్లిష్‌ను నేర్చుకున్నవాళ్లే. వాళ్లు మీకంటే ముందు మొదలుపెట్టారు, అంతే తేడా.

ఇక అసలు చిక్కు. తెలుగులో క్రియ చివర వస్తుంది. ‘లాగిన్ పేజీలో వచ్చిన తప్పును నిన్న సాయంత్రం...’ అని నెమ్మదిగా మొదలుపెట్టి, ఆఖర్న ‘సరిచేశాను’ అంటాం. ఇంగ్లిష్‌లో అంత వ్యవధి ఉండదు. ‘ఐ’ అనగానే క్రియ సిద్ధంగా ఉండాలి. అది తట్టక చాలామంది ‘ఐ యామ్’ అనేస్తారు. ఆ తర్వాత ‘ఫిక్సింగ్’ అనక తప్పదు. నిన్ననే పూర్తయిన పని ఇంకా నడుస్తోందని వినేవాళ్లు అనుకుంటారు. నష్టం వ్యాకరణానికి కాదు, మీకే.

కాబట్టి క్రియలు ముందే సిద్ధం చేసుకోండి. రోజువారీ స్టాండప్ మీటింగులో అడిగేవి మూడే: నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, ఎక్కడ ఆగింది. నిన్నటికి ‘ఐ ఫిక్స్‌డ్’, ‘ఐ టెస్టెడ్’. ఇవాళ్టికి ‘ఐ విల్ టెస్ట్’. ఆగినదానికి ‘ఐ యామ్ వెయిటింగ్ ఫర్’. మీ పనిలో రోజూ తిరిగే క్రియలు మహా అయితే పాతికో ముప్ఫయ్యో ఉంటాయి. వాటిని ఈ మూడు రూపాల్లోనూ నోటికి పట్టించండి. మీటింగుకు ముందు మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని, పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. కళ్లతో చదివితే నోరు తిరగదు.

అమెరికా యాస కోసం తాపత్రయపడొద్దు. నిదానంగా, మాట పూర్తిగా పలికితే చాలు. ‘బగ్గు’, ‘టెస్టు’ అని చివర ఉకారం చేర్చడం మన అలవాటు. విదేశీ క్లయింటుతో మాట్లాడేటప్పుడు దాన్ని తగ్గించుకోండి. లెక్కల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. పది లక్షలను ‘వన్ మిలియన్’ అనాలి. 05/06 అని రాస్తే మనకు జూన్ 5, అమెరికావాళ్లకు మే 6. నెల పేరుతో చెబితే గొడవే ఉండదు.

అర్థం కానప్పుడు ‘యెస్, యెస్’ అని తలూపడం అన్నిటికన్నా ప్రమాదం. ‘కుడ్ యు సే దట్ అగైన్, ప్లీజ్?’ అని అడగండి. విన్నాక ‘సో, యు వాంట్ దిస్ బై ఫ్రైడే?’ అని ఖాయం చేసుకోండి. మీటింగయ్యాక అదే సంగతి చాట్‌లో రెండు ముక్కలు రాసి పెట్టండి. మీకు రాయడం వచ్చు కదా, ఆ బలాన్ని వాడుకోండి. చేసిన పనికి మీ పేరు మీద రుజువూ ఉంటుంది.

చివరి వంతు దాకా ఎదురుచూస్తే గుండెదడ పెరుగుతుంది, చెప్పాలనుకున్నది కూడా మరిచిపోతాం. రేపటి మీటింగులో మొదటి ఇద్దరు ముగ్గురిలో మీరు మాట్లాడేలా లీడ్‌తో ముందే ఒక మాట అనుకోండి.