హైబ్రిడ్ కారు - ఒక లెక్క

హాలియాలో కిరాయి కారు నడుపువాడొకడు హైబ్రిడ్ కారు కొనదలచెననుకొందము. అందు పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్ మోటారును ఉండును. బ్రేకు వేసినపుడు వృథాయగు శక్తిలో కొంత విద్యుత్తుగా మారి బ్యాటరీలో చేరును. 1997లో జపానులో వెలువడిన టయోటా ప్రియస్ ఇట్టిదే.

దాని వెల 3 లక్షలు అధికమనుకొనుడు. లీటరుకు సాధారణపు కారు 15, ఇది 24 కిలోమీటర్లు నడచినచో, ఏటికి 12,000 కిలోమీటర్లు తిరుగువానికి 300 లీటర్లు మిగులును. లీటరు 100 రూపాయల చొప్పున 30,000. పెట్టిన సొమ్ము రాబట్టుటకు పదేండ్లు! 30,000 కిలోమీటర్లు తిరుగువానికి నాలుగేండ్లే.

అయితే ఇందొక మెలిక గలదు. మాటిమాటికి ఆగు హైదరాబాదు వీధులలో ఈ లాభము హెచ్చు. నాగార్జునసాగరమునకు ఆగక సాగు బాటలో బ్రేకుతో పనియే తక్కువ గదా! పైగా, ఆ 3 లక్షలు నూటికి పది వడ్డీకి తెచ్చినచో, తొలియేటి వడ్డీయే 30,000.