యాస కొనుటకు పరుగులెందుకు?

బిడ్డ పదవ తరగతి దాటకమునుపే "మా వానికి అమెరికన్ యాక్సెంట్ ఎక్కడ నేర్పుదురండీ?" అని విచారించు తల్లిదండ్రులు నానాటికి పెరుగుచున్నారు. ఇంగ్లీషు అనగా ఒకే ధ్వని గల భాష యనియు, ఆ ధ్వని అబ్బనివానికి విదేశమున విద్యగాని స్వదేశమున మంచి ఉద్యోగముగాని దక్కదనియు వారి దృఢవిశ్వాసము. ఈ విశ్వాసము నిరాధారము; దానికి మూల్యము చెల్లించుచున్నవారు మాత్రము పిల్లలు.

కాశ్మీరమున జన్మించి అమెరికాలో ఆచార్యుడైన బ్రజ్ కచ్రూ, 1985లో, ప్రపంచమందలి ఇంగ్లీషులను మూడు వలయములుగా విభజించి, ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాలను మొదటిదానియందును, సామ్రాజ్యపాలనలో ఆ భాష వచ్చి న్యాయస్థానములందును పాఠశాలలందును పాతుకొనిన భారతము, నైజీరియా, సింగపూరులను రెండవదానియందును, చైనా, జపానులను మూడవదానియందును నిలిపెను. ఆ మొదటి వలయమందైనను ఏకరూపత యెక్కడ? దక్షిణ ఇంగ్లండువారిలో అధికులు అచ్చు తరువాతి రకారమును విడిచిపెట్టగా, స్కాట్లండు, ఐర్లండువారును, అమెరికనులలో పెక్కురును దానిని స్పష్టముగా పలుకుదురు. న్యూజిలాండు మనిషి 'పెన్' అన్నచో మన చెవికి 'పిన్' అని తోచును. 'పార్క్' అనునప్పుడు రకారము పలికినందుకు మన బాలుని మందలించు ఉపాధ్యాయుడు స్కాట్లండువారి ఉచ్చారణను సైతము తప్పుపట్టుచున్నాడని గ్రహింపవలెను.

ఇక శిక్షణా సంస్థల మాట. యాసను నలుబది దినములలో మార్చెదమని ప్రకటించి, వేలకు వేలు ముందుగానే గుంజుకొని, నాలుగు సినిమా సంభాషణలు వల్లె వేయించి పంపివేయుట నేడు పెద్ద వ్యాపారమైనది. అక్కడ నేర్చిన పిల్లవాడు నాలుకను మెలిద్రిప్పుటయందే మనస్సు నిలుపుటచే చెప్పదలచిన విషయమును మరచును. ఇంటర్వ్యూలో అడిగినవారికి అర్థము కాక, తనకు సహజమైన మాట పోయి, నడుమ నిలిచిపోవును. అంతకంటె దుస్సహమైనది, ఇంట తెలుగు మాటలాడరాదని శాసించుట. అమ్మతో తన కష్టసుఖములు చెప్పుకొను భాషను బిడ్డనుండి తొలగించి, తమకే సరిగా రాని ఇంగ్లీషును ఆ స్థానమున నిలుపు తల్లిదండ్రులు, వానికి ఏ భాషయందును లోతుగా ఆలోచించు శక్తి లేకుండ చేయుచున్నారు. దీనిని ఎంతమాత్రమును సమర్థింపజాలను.

పరీక్షలు కోరునదియు వేరు. విదేశవిద్య కోరువారు ఇంగ్లీషు ప్రావీణ్యమునకై వ్రాయు ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్షలో ఉచ్చారణ నాలుగు అంశములలో ఒకటి మాత్రమే. అందును పరిశీలించునది, వినువారికి సులభముగా బోధపడినదా లేదా యని. విమాన చోదకులకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించిన ఇంగ్లీషు ప్రావీణ్యపు నాల్గవ స్థాయి, మాతృభాషా ప్రభావమును దోషముగా నెంచదు; అది అర్థమునకు తరచుగా అడ్డు రాకుండిన చాలును.

భిన్నదేశీయులు ఇంగ్లీషున జరుపు పరస్పర సంభాషణమును పరిశీలించిన జెన్నిఫర్ జెంకిన్స్, 2000లో వెలువరించిన గ్రంథమున, అవగాహనకు ముఖ్యములని చూపినవాటిలో అచ్చుల హ్రస్వదీర్ఘభేదము, పదారంభమందలి జంటహల్లులలో దేనినీ విడువకుండుట, వాక్యమున ముఖ్యపదముపై ఊనిక ఉన్నవి. హ్రస్వదీర్ఘములు తెలుగు బిడ్డకు ఉగ్గుపాలతో వచ్చినవే! మనవారు శ్రద్ధతో సాధింపవలసినది ఊనికను, తొందరపడక నిదానముగా పలుకుటను.

కావున నేను చూపు మార్గము వేరు. చెవికి శిక్షణ కావలెను. ఒక్క అమెరికా వార్తలే గాక, స్కాటిష్, నైజీరియన్, ఆస్ట్రేలియన్, సింగపూరు ప్రసంగములను దినమునకు అరగంట వినవలెను. స్కాట్లండులోని గ్లాస్గో ఆసుపత్రికి పోవు మన వైద్యుని యెదుట రోగి పాఠ్యపుస్తకపు ఇంగ్లీషు మాటలాడడు. భాషయందే అభిరుచి గలవారికి హైదరాబాదున 1958లో నెలకొల్పబడి, నేడు ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయము) యను పేర కేంద్రీయ విశ్వవిద్యాలయముగా నున్న సంస్థ కలదు. ఇంగ్లీషు బోధనను జీవితవృత్తిగా గొనుట నా దృష్టిలో కాల్ సెంటరు కొలువుకన్న స్థిరమైన బాట. ప్రవేశార్హతలు ఆ సంస్థ ప్రకటనలో దొరకును.

విదేశవిద్యకే పోదలచినవారు ఇరుగుపొరుగుల ఒత్తిడికి లోనై డిగ్రీ రెండవ యేటనే ఐఈఎల్‌టీఎస్ వ్రాయరాదు. ఆ ఫలితము సాధారణముగా రెండేండ్లే చెల్లును. దరఖాస్తు పెట్టునాటికి గడువు తీరినచో, పదిహేనువేల రూపాయలకు పైబడిన రుసుమును మరల కట్టవలసివచ్చును.