శభాష్ బిడ్డా!

జహీరాబాద్ దగ్గర మాచ్నూర్ అనే ఊరు ఉంది. అక్కడ 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. నడిపింది మనలాంటి పల్లె ఆడవాళ్ళే. చదువు రాని అవ్వలు కూడా అందులో మాట్లాడారు. విత్తనాల సంగతులు చెప్పారు. పాటలు పాడారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు విన్నారు. మన మాటకు విలువ ఉందని తెలిస్తే ధైర్యం వస్తుంది.

పెద్దవాళ్ళకే ఇట్లా ఉంటే, మరి పిల్లలకు?

బిడ్డ పలక మీద తన పేరు రాసి తెస్తుంది. నాలుగు అక్షరాల్లో ఒకటి తప్పు. "నీకేం రాదు. పక్కింటి పిల్లను చూడు" అంటాం. బిడ్డ పలక దాచేస్తుంది. తెల్లారి బడికి పోనంటుంది.

అదే, "శభాష్ బిడ్డా! మూడు అక్షరాలు మంచిగ రాసినవ్. ఈ ఒక్కటి మళ్ళా రాద్దాం, రా" అని చూడండి. బిడ్డ బలపం పట్టుకుని కూర్చుంటుంది.

ఊరికే పొగడకండి. చేసిన పని చెప్పి మెచ్చుకోండి. తప్పు ఉంటే చెప్పండి. కానీ నలుగురిలో కాదు. ఆడపిల్లను, మగపిల్లవాణ్ణి సమానంగా మెచ్చుకోండి.

ఆలోచించండి:
1. మీరు వేలిముద్ర మాని మొదటిసారి సంతకం పెట్టిన రోజు ఎవరు మెచ్చుకున్నారు? అప్పుడు మీకెట్లా అనిపించింది?
2. ఈ రోజు మీ బిడ్డను ఏ పనికి మెచ్చుకున్నారు?