అప్పుడప్పుడు వాడువారికి చవుకయగు ఇంటర్నెట్టు

మన గుంటూరు, ప్రకాశము మండలములలో ప్రత్తి వేయు రైతు తన చేనికి తగినన్ని విత్తనపు పొట్లములనే కొనును గాని, వెల తగ్గినదని రెట్టింపు కొని యింట దాచుకొనడు. ఏలయన, మరుసటి యేటికి గింజలలో మొలకశక్తి తగ్గును; మిగిలిన పొట్లమునకు పెట్టిన రూక వ్యర్థమగును. ఈ వివేకమే ఇంటర్నెట్టు సేవను కొనువేళ మనలో పలువురకు తోచదు. టెలిఫోను తీగపై ఆ సేవ లభించిన దినములను ఉదాహరణముగా గైకొని, అప్పుడప్పుడు మాత్రమే వాడుకొను కుటుంబము దేనిని చవుక యని యెంచవలయునో విచారింతము.

మొదట ఆ విధానమెట్టిదో తెలిసికొందము. దానిని డయల్-అప్ అనెడివారు. ఇంటి టెలిఫోను తీగను మోడెము అను చిన్న పెట్టెకును, మోడెమును కంప్యూటరునకును కలిపెడివారు. మోడెము సేవాసంస్థవారి సంఖ్యకు ఫోను చేసి, కంప్యూటరులోని అంకెలను ధ్వనులుగా మార్చి పంపును. అటునుండి వచ్చు ధ్వనులను మరల అంకెలుగా మార్చును. కీచుమను ఆ చప్పుడు నాటివారికి సుపరిచితము. దాని మిక్కిలి వేగము సెకనుకు 56 కిలోబిట్లు, అనగా 7 కిలోబైట్లు. ఆ వేగము పూర్తిగా లభించినను, ఒక మెగాబైటు గల ఛాయాచిత్రము చేరుటకు సుమారు రెండున్నర నిమిషములు పట్టెడిది.

మన దేశమున సామాన్య ప్రజలకు ఈ సేవ 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థవలన, మొదట కొలది మహానగరములలో, ఆరంభమయ్యెను. వ్యక్తులకు 250 గంటలకు 5,000 రూపాయలు, అనగా గంటకు 20 రూపాయలు రుసుముగా నుండెను. 1998లో ప్రైవేటు సంస్థలకును అనుమతి లభించెను. 2000 అక్టోబరు 1వ తేదీన బి.ఎస్.ఎన్.ఎల్. పనిచేయ నారంభించెను. క్రమముగా వెలలు తగ్గి, చిన్న పట్టణములవారికిని పలు సేవలలో నొకదానిని ఎన్నుకొను అవకాశము కలిగెను.

ఎన్నుకొనువారు గమనింపవలసిన సంగతులు మూడు. మొదటిది రుసుమును, దాని గడువును. గడువు తీరినచో మిగిలిన గంటలు పోవును. రెండవది టెలిఫోను ఖర్చు. ఇంటర్నెట్టు రుసుము వేరు, ఫోను బిల్లు వేరు. సేవాసంస్థ సంఖ్య స్థానికమైనదా, దూరపు పట్టణముదా యని విచారింపనివాడు బిల్లు చూచి దిగులుపడెడివాడు. మూడవది, ఆ సేపు ఇంటి ఫోను పనికిరాకుండుట.

ఇక లెక్క చూతము. అంకెలు పాఠము కొరకు మేము ఊహించినవి. మొదటి సేవ 100 గంటలకు 600 రూపాయలు. రెండవది 25 గంటలకు 250 రూపాయలు. రెండింటికిని గడువు ఒక యేడాది. మూడవదానికి ముందు చెల్లింపు లేదు. వాడిన గంటకు 20 రూపాయలు. పైకి చూడ గంటకు 6 రూపాయలైన మొదటిదే చవుక. కాని నెలకు రెండు గంటలు వాడు కుటుంబమునకు ఏటికి కావలసినవి 24 గంటలే. వారికి మొదటిది వాడిన గంటకు 25 రూపాయలు పడును. మూడవది 20 రూపాయలు. రెండవది పదిన్నర రూపాయలకు లోపే. ఏటికి పన్నెండు గంటలే వాడువారికి మూడవది 240 రూపాయలతో అన్నిటికన్న చవుక. రెండవదానిని రెండుమారులు కొన్నను 500 రూపాయలకు 50 గంటలు వచ్చును గనుక, 50 గంటలు మించి వాడువారికి తప్ప మొదటిదానివలన లాభము లేదు.

ఈ లెక్క మేము ఆలస్యముగా నేర్చితిమి. 2002లో, ఉపాధ్యాయ శిక్షణ ముగించి వచ్చిన కొత్తలో, గంట వెల తక్కువయని యేడాదికి 100 గంటలు కొంటిమి. గడువు తీరునాటికి వాడినవి పదునొకండు గంటలు. అంతకన్న పెద్ద నష్టము వేరొకటి. ఆ వేసవిలో మా తండ్రిగారి మిరపకాయల బస్తాలు గుంటూరు యార్డులో నుండెను. ఒక ఉదయమున, నేటి ధరకు అమ్మవచ్చునా యని అడుగుటకు కమీషను వర్తకుడు మా యింటికి పలుమారులు ఫోను చేసెనట. మేము ఇంటర్నెట్టులో నుండుటచే లైను దొరకలేదు. మరునాడు ధర పడిపోయెను. తండ్రిగారు కోపింపలేదు. “ఏమిరా అబ్బాయీ, అంతసేపు ఏమి చదివితివి?” అని మాత్రము అడిగిరి. మావద్ద సమాధానము లేకపోయెను.

2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండు ఆరంభమైన పిదప డయల్-అప్ క్రమముగా వెనుకబడెను. అమెరికాలో సుప్రసిద్ధమైన ఏ.ఓ.ఎల్. సంస్థయు తన డయల్-అప్ సేవను 2025 సెప్టెంబరు 30వ తేదీన ముగించెను. అయినను మా పాఠము ముగియలేదు. నేడు చేతి ఫోనునకు దినమునకు ఒకటిన్నర గిగాబైట్ల చొప్పున 28 దినముల రీచార్జి చేయించువారిలో ఎందరు దానిని పూర్తిగా వాడుచున్నారు? రాత్రి గడిచినంతనే ఆనాటి మిగులు పోవును. ఇంటర్నెట్టు అక్కరలేని అవ్వతాతలకు ఆ రీచార్జి యేల? మాటలకును, సందేశములకును మాత్రమే పనికివచ్చు రీచార్జి యొకటైనను ఉంచవలెనని ట్రాయ్ సంస్థ 2024 డిసెంబరులో కంపెనీలను నియమించినది. అట్టిది కావలెనని అంగడిలో అడుగుట మన పని.

కావున విద్యార్థులారా! ఈ నెల మీ యింట ఎన్ని గిగాబైట్లు కొనిరో, ఎన్ని వాడిరో ఫోనులో చూచి వ్రాయుడు. చెల్లించిన రూపాయలను వాడిన గిగాబైట్లతో భాగింపుడు. వచ్చిన లబ్ధమే మీకు పడిన నిజమైన వెల. దానిని తలిదండ్రులకు చూపి, వచ్చు నెల ఏది కొనవలయునో వారితో కూడి నిర్ణయింపుడు. వాడిన సమయమున నేర్చినదేమో ఆ ప్రక్కనే వ్రాసికొనుడు. మా తండ్రిగారు అడిగిన ప్రశ్న మిమ్మెవరైన అడిగినచో, మావలె మౌనము వహింపవలసి రాకుండుగాక.