ఊకమంటకు కట్టిన లెక్క

మీ అవ్వలనడిగినచో ఊకపొయ్యి సంగతి చెప్పగలరు. పొయ్యి నడుమ రోకలి నిలిపి, చుట్టును ఊక దట్టించి, రోకలిని మెల్లగా తీయుదురు. అడుగు ద్వారమున పుల్ల వెలిగించి పెట్టిన మంట పైకి లేచును. గాలిదారి మూసికొనిపోయినచో ఇల్లంతయు పొగ. అవ్వ చేతికి తెలిసిన యీ గాలిపాళమునే, మిల్లు బొయిలరులో అంకెలతో పట్టుటకు ఇంజనీర్లు కంప్యూటరు నాశ్రయించుచున్నారు.

ఉప్పుడుబియ్యము చేయుటకు ఆవిరి కావలయును. గోదావరి మండలములందలి మిల్లులకు ఆ ఆవిరినిచ్చు వంటచెరకు ధాన్యమునుండియే లభించును. 100 కిలోల ధాన్యమునకు సుమారు 20 కిలోల ఊక వచ్చును. తాండవనది కావలనున్న పాయకరావుపేట చక్కెర కర్మాగారము నడచిన కాలమున చెరకు పిప్పియు ఇట్లే ఉపయోగపడెను.

ఊక మండుట మూడు దశలుగా సాగును. మొదట తేమ ఆవిరియగును. పిమ్మట వేడికి ఊక విచ్చిపోయి వాయువులు వెలువడును. బరువులో సగమునకు మించి యిట్లే పోవును. తుదకు మిగిలిన బొగ్గు నెమ్మదిగా కాలును. మనకు కనబడు జ్వాల ఆ వాయువులదే, ఊకది కాదు. కావున గాలినంతయు అడుగునుండియే పంపిన చాలదు. జ్వాలయున్న చోటికి, పైనుండియు, కొంత పంపవలయును. కిలో ఊకకు కనీసము నాలుగున్నర కిలోల గాలి పట్టును.

ఊకకు మఱియొక విశేషము గలదు. కాలిన పిదప నూటికి సుమారు 20 వంతులు బూడిదయే. అందు పదింట 9 పాళ్లకు పైగా సిలికా, అనగా ఇసుకలోని పదార్థమే. కర్పూరము కాలుచు తరిగిపోవును. ఊక యట్లు గాక సిలికా అస్థిపంజరముతో తన యాకృతి నిలుపుకొనును. దానిలో చిక్కిన బొగ్గు కాలక నల్లబూడిదగా మిగులును. ఊకను కర్పూరమువలె భావించి కట్టిన లెక్క తప్పును.

ఇక లెక్క కట్టు విధము. 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తుగల కొలిమిని 10 సెంటీమీటర్ల ఘనములుగా విభజించిన 1,28,000 గదులగును. ప్రతి గదిలోను వేడి, పీడనము, గాలివేగము, వాయువుల పాళ్లు కనుగొనవలయును. ఒక గదిని విడిచిన గాలి ప్రక్కగదిలో లెక్కకు రావలయును. ఇందుకు బహుళముగా వాడబడు పద్ధతిని పుణెలో జన్మించిన సుహాస్ పటాంకర్, తన గురువు స్పాల్డింగుతో కలిసి 1972లో ప్రకటించెను. పీడనమును ముందుగా ఊహింపుము, వేగము కట్టుము, గాలిలెక్క కుదరనిచో ఊహను దిద్దుము, కుదురువఱకు మరల మరల చేయుము. (ఇది సాకుగా పరీక్షలో తప్పులు వ్రాయువారికి మార్కులీయబడవు.)

ఇంత శ్రమ యెందుకందురా? సుమారు 800 డిగ్రీలు దాటిన వేడిలో నిలిచిన సిలికా స్ఫటికరూపము దాల్చ నారంభించును. అట్టి ధూళిని ఏండ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తులు గట్టిపడును; ఆ వ్యాధికి సిలికోసిస్ అని పేరు, నయము చేయు మందు లేదు. బూడిద యెత్తు కూలివానికి వచ్చు ముప్పు ఇదియే. గోడకు బిగించిన ఉష్ణమాపకము ఒక్కచోటి వేడినే చెప్పును. కొలిమిలో ఏ మూల వేడి మితిమీరినదో, గాలినెచ్చట మార్చిన తగ్గునో లెక్క చూపగలదు.

అయితే లెక్కలో నూటికి 10 వంతుల తేమయని వ్రాసి, వానకు తడిసిన ఊకను కొలిమిలో వేసిన ఫలితము కుదరదు. అందువలన మొదటి పని త్రాసుతోనే. గుప్పెడు ఊకను తూచి, 105 డిగ్రీల వేడిలో బరువు తగ్గుట మానువఱకు ఆరబెట్టి, మరల తూచవలయును. తగ్గిన బరువే తేమ. ఈ ప్రయోగమును పై తరగతివారు మన ప్రయోగశాలలో చేయవచ్చును. వేసవి ఊకను, వానకాలపు ఊకను వేఱువేఱుగా తూచి చూడుడు.