‘నచ్చలేదు’ అంటే చాలదు

మా వీధిలో కరెంటు పని చేసే కుర్రాడు పోయిన నెల ఒక సాయంత్రం వచ్చి, జేబులోంచి ఒక మల్టీటూల్ తీసి నా బల్ల మీద పెట్టాడు. ఆన్‌లైన్‌లో 2,350 రూపాయలు పెట్టి కొన్నాడట. కటింగ్ ప్లేయర్, కత్తి, చిన్న రంపం, మూడు స్క్రూడ్రైవర్లు, ఇంకా ఏవేవో, అన్నీ ఒక్కదాంట్లోనే మడతపడి ఉన్నాయి.

“నిచ్చెనెక్కాక మాటిమాటికీ కిందికి దిగి సంచి వెతుక్కునే పని తప్పుతుందని తీసుకున్నా సార్. ఇరవై రోజులకే ఇట్లయింది” అన్నాడు.

చేతిలోకి తీసుకుని చూశాను. ప్లేయర్ మూస్తే కొనలు కలవడం లేదు, సన్న వైరు పట్టుకుంటే జారిపోతోంది. నడుమ రివిట్ వదులైంది. స్క్రూడ్రైవర్ మొన మెలి తిరిగింది. డబ్బా మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అని ఉంది, రంపం మొదట్లో మాత్రం తుప్పు. గట్టిగా నొక్కితే పిడి అంచులు అరచేతిలో దిగబడుతున్నాయి. నన్ను నిజంగా భయపెట్టింది కత్తి లాక్. కత్తి తెరిచి, వెనక వైపు బొటనవేలితో కాస్త నొక్కితే చాలు, మూసుకుపోతోంది. కరెంటు పని చేసే మనిషి వేళ్లు ఎక్కడుంటాయో ఆలోచించండి.

అతను కంపెనీకి పంపిన ఫిర్యాదు ఫోన్‌లో చూపించాడు. “ప్రొడక్ట్ బాలేదు, డిజైన్ వేస్ట్, డబ్బులు వాపస్ ఇవ్వండి” అని రాశాడు. రిటర్న్ గడువు పది రోజులే, అది దాటిపోయింది కాబట్టి ఏమీ చేయలేమని వాళ్ల జవాబు. ఇలాంటి జవాబు చూసి మనలో నూటికి తొంభై మంది వస్తువును అటక మీద పడేసి ఊరుకుంటాం. ఊరుకోనక్కర్లేదు. కాకపోతే ఫిర్యాదు రాసే తీరు మార్చుకోవాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) ‘లోపం’ అంటే ఏమిటో చెబుతుంది. నాణ్యతలో గానీ ప్రమాణంలో గానీ ఉన్న తక్కువే లోపం. ఆ నాణ్యత ఏదైనా చట్టం ప్రకారం ఉండాల్సింది కావచ్చు, ఒప్పందం ప్రకారం ఉండాల్సింది కావచ్చు, అమ్మినవాడు ఏ రూపంలోనైనా ఉందని చెప్పుకున్నది కావచ్చు. ఈ చివరి మాటలోనే కొన్నవాడి బలమంతా ఉంది. డబ్బా మీది రాత, ప్రకటనలోని బొమ్మ, అమ్మకం పేజీలోని వివరణ, ఇవన్నీ అమ్మినవాడు ఇచ్చిన మాటలే. అందుకే ‘నచ్చలేదు’ అన్న మాట వినియోగదారుల కమిషన్ ముందు నిలవదు, ‘చెప్పినట్టు లేదు’ అన్నది నిలుస్తుంది. పిడి అంచులు అరచేతిని నొక్కడం ఒక్కటే అయితే అది ఇష్టాయిష్టాల సంగతి అని అవతలివాళ్లు వాదిస్తారు. స్టెయిన్‌లెస్ అన్నది ఇరవై రోజులకే తుప్పు పట్టడం, లాక్ ఉందన్న కత్తికి లాక్ పట్టకపోవడం ఇష్టాయిష్టాల సంగతి కాదు. ఒక్కో మాట ఎదురుగా ఒక్కో లోపం రాయమని అతనికి చెప్పాను.

డిజైన్ గురించి మరో సంగతి. 2019 చట్టం ‘ఉత్పత్తి బాధ్యత’ అని ఒక అధ్యాయమే పెట్టింది. డిజైన్ లోపభూయిష్టమైతే తయారీదారు నష్టపరిహారం కట్టాలని సెక్షన్ 84 చెబుతుంది. అయితే ఈ అధ్యాయం కింద ‘హాని’ అంటే ఆ వస్తువు పాడైపోవడం కాదు. మనిషికి దెబ్బ తగలాలి, లేదా వేరే ఆస్తి దెబ్బతినాలి. ఆ కత్తి మూసుకుపోయి వేలు తెగితే ఈ అధ్యాయం కింద పరిహారం అడగవచ్చు. పనిముట్టు మాత్రమే చెడితే లోపభూయిష్ట వస్తువు కిందే ఫిర్యాదు చేయాలి. వేలు తెగేదాకా ఆగమని ఏ చట్టమూ అనదు.

రిటర్న్ గడువు ముగిసిందన్న జవాబుకు భయపడొద్దు. ఆ గడువు కంపెనీ పెట్టుకున్నది. చట్టం కమిషన్‌కు వెళ్లడానికి ఇచ్చిన గడువు, ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. ఇక 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువు లోపంతో ఉన్నా, ప్రకటించిన గుణాలు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఈ-కామర్స్ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. “మేం మధ్యవర్తులం మాత్రమే” అన్న మాట తరచూ వినిపిస్తుంది కాబట్టి ఫిర్యాదులో ఆన్‌లైన్ వేదికను, అమ్మకందారును, తయారీదారు లేదా దిగుమతిదారును, అందరినీ చేర్చండి. ఎవరు ఎవరి మీదికి తోసుకుంటారో కమిషన్ ముందు తేల్చుకుంటారు.

ఇక్కడ అతనికో అనుమానం వచ్చింది. “నేను దీంతో పని చేసి డబ్బు సంపాదించుకుంటా కదా సార్, నాకు వర్తిస్తదా?” మంచి ప్రశ్న. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడుకునేవాణ్ని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. యాభై కొని తిరిగి అమ్ముకునే షాపువాడి సంగతి వేరు.

అతను చేయబోయిన ఒక పనిని మాత్రం ఆపాను. రివిట్‌ను సుత్తితో కొట్టి బిగించి, అంచుల్ని ఆకురాయితో రుద్దుదామనుకున్నాడు. చేతిపని వచ్చినవాళ్లకు ఇది సహజం, ఏదీ ఊరికే పారేయబుద్ధి కాదు. కానీ అలా చేస్తే “వాడుకున్నవాడే పాడు చేశాడు” అని అవతలివాళ్లకు మనమే జవాబు అందించినట్టవుతుంది. లోపం కనబడిన రోజే వాడకం ఆపండి. తేదీ తెలిసేలా వీడియో తీయండి. వస్తువును కవర్‌లో పెట్టి అంటించండి. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపుతుంది, ఆ ఖర్చు ముందుగా ఫిర్యాదీ కట్టాలి. లోహం ఏ రకమో తేల్చడానికి అది కావాలి. లాక్ పట్టడం లేదని చూడటానికి మాత్రం కళ్లు చాలు. చిన్న మొత్తాల కేసుల్లో కంటికి కనిపించే లోపాలనే ముందు పెట్టండని నా సలహా.

జిల్లా కమిషన్‌లో 50 లక్షల రూపాయల దాకా చెల్లించిన వస్తువుల ఫిర్యాదులు వేయవచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మీరు నివసించే చోటే లేదా పని చేసే చోటే వేయవచ్చు, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా సరే. దానికి ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, చాలా తగాదాలు అక్కడే తెగిపోతాయి. అక్కడ తెగకపోతే పదిహేను రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కమిషన్ గెలిపిస్తే లోపం సరిచేయమనవచ్చు, మార్చి ఇమ్మనవచ్చు, డబ్బు వడ్డీతో తిరిగి ఇమ్మనవచ్చు, ఖర్చులూ ఇప్పించవచ్చు. ఆ ఉత్తర్వు పాటించనివాళ్లకు జైలు శిక్ష వేసే అధికారం కూడా దానికి ఉంది.

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని కొత్త ఫిర్యాదు రాశాం. పంపిన నాలుగో రోజుకు అమ్మకం పేజీలో ‘స్టెయిన్‌లెస్’ అన్న మాట కనిపించలేదు. అతను ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోలేదు. డబ్బా మాత్రం ఇంట్లో ఉంది, దాని మీద ఆ మాట అలాగే ఉంది. మీరు ఏం కొన్నా పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, వారంటీ తీరేదాకా డబ్బా పారేయకండి.