కార్డు బాకీకి ఇంటిని పూచీ పెట్టకు

మేనల్లుడా,

కార్డుల మీద పేరుకున్న ఐదు లక్షల బాకీ తీర్చడానికి ఇంటి లోను మీద టాప్-అప్ తీసుకుంటానని రాశావు. బాకీ వదిలించుకోవాలన్న నీ తొందర సబబే. కార్డుల మీద నెలకు మూడున్నర శాతమంటే ఏడాదికి 42 శాతం వడ్డీ. ఐదు లక్షల మీద నెల వడ్డీయే 17,500 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 3,150. మినిమమ్ డ్యూ అని నువ్వు కట్టే 25,000లో అసలుకు చేరేది ఐదు వేలు కూడా కాదు. ఈ బాకీని తక్కువ వడ్డీలోకి మార్చుకోవాల్సిందే. అందులోకి ఇంటిని లాగాలా అన్నదే ప్రశ్న.

టాప్-అప్‌ను పది శాతం వడ్డీకి తీసుకుని 15 ఏళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ 5,373. చూడ్డానికి హాయిగానే ఉంటుంది గానీ, అసలు కాక 4 లక్షల 67 వేల వడ్డీ కట్టాలి. అదే మూడేళ్లలో తీర్చేస్తే ఈఎంఐ 16,133, మొత్తం వడ్డీ 81 వేల లోపు. వడ్డీ రేటు ఒకటే, తేడా అంతా గడువుది. ఇప్పుడు కార్డులకు కడుతున్నదానికంటే ఈ ఈఎంఐ తక్కువే కాబట్టి, మూడేళ్ల గడువు నీకు మోయలేని బరువు కాదు.

వడ్డీ కంటే పెద్ద విషయం పూచీ. కార్డు బాకీ తాకట్టు లేని అప్పు. కట్టకపోతే ఫోన్లు వస్తాయి, సిబిల్ స్కోరు పడిపోతుంది, దావా కూడా వెయ్యవచ్చు. కానీ కోర్టుకు వెళ్లకుండా ఎవరూ ఇంటి జోలికి రాలేరు. టాప్-అప్ అలా కాదు. వాయిదాలు 90 రోజులు ఆగితే దాన్ని మొండి బకాయి కింద రాస్తారు. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి, దావా వెయ్యకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది.

ఇల్లు ఎలాగూ తాకట్టులోనే ఉంది కదా అంటావేమో. నిజమే. కానీ రేపు జీతం ఆగితే ఇంటి వాయిదా ముందు కట్టి, మిగతా అప్పుల వాళ్లను గడువు అడగవచ్చు. రెండూ ఇంటి మీదే ఉంటే ఆ వెసులుబాటు పోతుంది. అందుకే టాప్-అప్‌కు బదులు తాకట్టు లేని పర్సనల్ లోను తీసుకో. దాని వడ్డీ ఎక్కువ అంటావేమో. 14 శాతానికి మూడేళ్లకైతే ఈఎంఐ 17,088, అంటే టాప్-అప్ కంటే నెలకు వెయ్యి లోపే ఎక్కువ. నీ స్కోరు తగ్గి 18 శాతం అడిగినా 18,076. ఆ పైన పడే రెండు వేల లోపు సొమ్ము ఇంటిని కాపాడుకోవడానికి కట్టే బీమా అనుకో. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

పర్సనల్ లోను ఎక్కడా దొరకకపోతేనే టాప్-అప్ తీసుకో, అదీ మూడేళ్ల గడువుకే. ఏ లోను తీసుకున్నా, బాకీ తీరిన రోజే ఒక్కటి తప్ప మిగతా కార్డులు మూయించు. స్కోరు కాస్త తగ్గుతుందని వెనకాడకు, అది మళ్లీ పెరుగుతుంది. లిమిట్లు ఖాళీగా ఉంటే అవే మళ్లీ నిండుతాయి, అప్పుడు లోనూ కార్డులూ రెండూ మెడకు చుట్టుకుంటాయి. ఇల్లు నీ ఒక్కడిదే కాదు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ఈ లెక్కలు నీ భార్యకు చూపించి, ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోండి.

ఆశీర్వచనాలతో,
మీ మామయ్య